ప్రాసెసర్ వేడెక్కుతోందా? కూలర్ విప్పే ముందు అంకెలు చూడండి

డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేడెక్కుతోందని అనుమానం రాగానే చాలామంది ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ ట్యూబు కొనుక్కొచ్చి ప్రాసెసర్ మీది కూలర్ విప్పేస్తారు. రిపేరు దుకాణాల్లోనూ చాలాచోట్ల ఇదే తంతు. పేస్ట్ ఎండిపోవడం ఒక కారణమే కానీ, దుమ్ము పేరుకోవడం, క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడం, కూలర్ సరిగా కూర్చోకపోవడం, ఫ్యాన్ తిరగకపోవడం, ప్రాసెసర్ అవసరానికి మించి కరెంటు లాగేలా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రాథమిక సాఫ్ట్‌వేర్‌లో) అమరికలు ఉండటం కూడా తరచుగా కనిపించే కారణాలే. వీటిలో అసలు కారణం ఏదో, క్యాబినెట్ మూత తీయకముందే, ఉష్ణోగ్రత ఎంత ఉందన్నది మాత్రమే కాక ఎంత వేగంగా పెరుగుతోందన్నది కూడా గమనిస్తే చాలావరకు తేలిపోతుంది.

ముందుగా ఎంత వేడిని ఎక్కువ అనాలో తెలియాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 సెల్సియస్ డిగ్రీలు. ఏఎండీలో రైజెన్ 5 5600ఎక్స్‌కు అది 95 డిగ్రీలు, రైజెన్ 7 5800ఎక్స్‌కు 90. ఆ పరిమితిని తాకగానే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే సిస్టమ్ ఒక్కసారిగా ఆగిపోతుంది. అయితే 2022లో వచ్చిన రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లను, బరువైన పనిలో 95 డిగ్రీల వరకు వెళ్ళి అక్కడే నిలకడగా పనిచేసేలా ఏఎండీ రూపొందించింది కనుక, వాటిలో ఆ అంకె కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు.

విండోస్ టాస్క్ మేనేజర్ గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతను చూపగలదు కానీ ప్రాసెసర్‌ది చూపదు. అందుకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ కోర్ టెంప్ గానీ అనే ప్రోగ్రామ్ వేసుకోవాలి. లైనక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్ సరిపోతుంది. బయోస్ తెరలో కనిపించే అంకెను ఖాళీగా ఉన్నప్పటి వేడిగా లెక్కించకూడదు, ఎందుకంటే బయోస్‌లో ఉన్నంతసేపూ ప్రాసెసర్ సాధారణంగా విద్యుత్తు ఆదా చేసే స్థితికి వెళ్ళదు, కాబట్టి అక్కడి అంకె విండోస్‌లో కన్నా కొంత ఎక్కువగానే ఉంటుంది.

గది ఉష్ణోగ్రతను కూడా రాసి పెట్టుకోవాలి. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా ప్రాసెసర్‌ను గదికన్నా చల్లగా ఉంచలేదు. గది 10 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. డిసెంబరులో 68 డిగ్రీలు చూపిన యంత్రం, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 83 చూపితే దానిలో కొత్తగా లోపం పుట్టిందని అనుకోనవసరం లేదు. అందుకే పోల్చవలసింది గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడాను. 65 వాట్ల ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టెలో వచ్చిన కూలర్ ఉంటే, పూర్తి పనిలో గదికన్నా 40 నుంచి 50 డిగ్రీలు, ఖాళీగా ఉన్నప్పుడు 10 నుంచి 20 డిగ్రీలు ఎక్కువ ఉండటాన్ని నేను లోపంగా చూడను.

ఇక అసలు పరీక్ష. సిస్టమ్ ఆన్ చేసి పావుగంట ఏ పనీ చెప్పకుండా వదిలేసి, ఆ తర్వాత ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌లో మల్టీ కోర్ పరీక్షను నడపాలి. అది మామూలు అమరికలో 10 నిమిషాలు సాగుతుంది. పరీక్ష మొదలైన రెండు మూడు సెకన్లలోనే అంకె 50 నుంచి 95కు ఎగబాకిందంటే, వేడి ప్రాసెసర్ నుంచి కూలర్‌లోకి వెళ్ళడం లేదని అర్థం: కూలర్ వదులైంది, లేదా పేస్ట్ పనిచేయడం లేదు, లేదా కొత్తగా బిగించిన కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొరను తీయడం మరిచిపోయారు. అలా కాక అంకె మొదట 70 దగ్గర ఆగి, అక్కడి నుంచి ఐదారు నిమిషాల్లో మెల్లమెల్లగా 90 దాటితే, వేడి కూలర్‌లోకి చేరుతోంది కానీ కూలర్ నుంచి గాలిలోకీ, క్యాబినెట్ నుంచి బయటికీ పోవడం లేదు. అప్పుడు దుమ్మునూ ఫ్యాన్లనూ చూడాలి తప్ప పేస్ట్ జోలికి పోనవసరం లేదు. మూడో రకం, ఏ పనీ లేకుండానే 70 చూపడం. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను వాడుతోందో చూడాలి. విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ తనిఖీ, వదిలేసిన బ్రౌజర్ ట్యాబులు మామూలు దోషులు. దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ చేసే మాల్వేర్‌లలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోతాయి కనుక, అది తెరిచిన క్షణంలో ఫ్యాన్ చప్పుడు తగ్గితే అనుమానించవలసిందే.

ఇక్కడే మరో మాట. నడుస్తున్న సిస్టమ్ హఠాత్తుగా ఆగిపోయిన ప్రతిసారీ నేరం ప్రాసెసర్ వేడిది కాదు. ఆగిపోయే ముందు అంకె 65 దగ్గరే ఉంటే క్యాబినెట్‌లోని పవర్ సప్లయ్ పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్‌నూ, కరెంటు సరఫరానూ పరీక్షించాలి. విండోస్ లాగ్‌లను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్-పవర్ 41 అనే నమోదు, సిస్టమ్ సవ్యంగా మూతపడలేదని చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదు.

వేడి మెల్లగా పెరిగే రకమైతే ఒక సులువైన ప్రయోగం ఉంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్షను మళ్ళీ నడపండి. అంకె 8, 10 డిగ్రీలు తగ్గితే లోపం గాలి రాకపోకల్లోనే ఉంది. మన ఇళ్ళలో కంప్యూటర్ టేబుల్ కింది అరలో, మూడు వైపులా చెక్క ఉన్న చోట క్యాబినెట్‌ను దూర్చి పెట్టడం మామూలు; వెనుక గోడకు జానెడు జాగా కూడా లేకపోతే బయటికి పోయిన వేడిగాలినే ముందు ఫ్యాన్ మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ముందు ఫ్యాన్ గాలిని లోపలికి తేవాలి, వెనుకదీ పైదీ బయటికి నెట్టాలి. ఫ్యాన్‌కు మోటారును పట్టి ఉంచే అడ్డకమ్మీలు ఏ వైపు ఉంటాయో గాలి ఆ వైపుకే పోతుంది కనుక, తిరగేసి బిగించారేమో చూస్తే తెలిసిపోతుంది.

దుమ్ము దులిపే ముందు ప్లగ్ తీసేసి, మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. కూలర్‌ను పైనుంచి చూసి శుభ్రంగానే ఉందని అనుకోవద్దు; దుమ్ము ఫ్యాన్ రెక్కల మీద కన్నా వాటి కింద, అల్యూమినియం రేకుల అంచున, ఒక మందపు చాపలా పరుచుకుని ఉంటుంది. టార్చి వేసి రేకుల మధ్య అవతలి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. వంటగదికో పూజగదికో దగ్గరగా ఉన్న యంత్రాలలో తాలింపు ఆవిరి, అగరుబత్తి పొగ కలిసి ఆ దుమ్మును జిడ్డుగా మార్చడంతో బ్లోయర్ ఒక్కటే సరిపోదు, పొడి పెయింట్ బ్రష్‌తో వదులు చేశాక ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది కాబట్టి దాన్ని మదర్‌బోర్డు దగ్గరికి తేకపోవడమే మంచిది.

ఫ్యాన్ వైరు బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే ఉండాలి. అది క్యాబినెట్ ఫ్యాన్ పిన్నులకు తగిలించి ఉంటే, ప్రాసెసర్ ఎంత వేడెక్కినా ఫ్యాన్ వేగం దాన్నిబట్టి పెరగకపోవచ్చు. ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అంటూ ఎఫ్1 నొక్కమని తెర అడిగితే చాలామంది నొక్కేసి ముందుకు వెళ్తారు. ఆ హెచ్చరిక ఫ్యాన్ తిరగడం లేదని గానీ, దాని వేగం బోర్డుకు తెలియడం లేదని గానీ చెబుతోంది.

వేడి ఒక్కసారిగా ఎగబాకే రకంలో నేను ముందు చూసేది పేస్ట్‌ను కాదు, కూలర్ కాళ్ళను. ప్రాసెసర్ పెట్టెలోనే వచ్చే ఇంటెల్ స్టాక్ కూలర్‌కు నాలుగు మూలలా నల్లటి తలలున్న ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. ఒక్కో పిన్ను కొన రెండుగా చీలిన తెల్లటి కాలు, బోర్డు రంధ్రం గుండా అవతలికి పోయాక, మధ్యలోని నల్లటి ములుకు దిగి ఆ చీలికను విడదీస్తుంది. అప్పుడే అది బిగుస్తుంది. నాలుగింటిలో ఒకటి ఊడినా, ఒక కాలు పొట్టిదైన పీటలా కూలర్ ఓ వైపుకు ఒరిగి, ప్రాసెసర్‌తో సగమే తాకుతుంది. యంత్రాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి పడుకోబెట్టి తెచ్చాక వేడి మొదలైందంటే ముందు అనుమానించవలసింది దీన్నే. కూలర్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపితే కదలకూడదు. కదిలితే, పిన్ను తల మీది బాణం చూపే వైపు పావు వంతు తిప్పి పైకి లాగి, మళ్ళీ ఎదురు దిశలో మొదటి స్థానానికి తెచ్చి, ఎదురెదురు మూలలను జతగా టక్కుమనేవరకు నొక్కాలి. వీలైతే బోర్డు వెనుక నుంచి నాలుగు కాళ్ళూ విచ్చుకున్నాయో లేదో కంటితో చూసుకోవాలి. ఎక్కువసార్లు విప్పి బిగించిన పిన్నుల ప్లాస్టిక్ అరిగిపోతుంది. అలాంటివాటితో కుస్తీ పట్టేకన్నా కొత్త కూలరే నయం.

కూలర్‌ను ప్రాసెసర్ నుంచి ఒకసారి పైకి లేపితే పేస్ట్ తప్పకుండా కొత్తగా వేయాలి. ఏఎండీ ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డుల్లో అయితే, విప్పడానికి ముందు యంత్రాన్ని కొన్ని నిమిషాలు నడిపి పేస్ట్‌ను వెచ్చబరిచి, ఆపి ప్లగ్ తీశాక, కూలర్‌ను అటూ ఇటూ మెలిపెట్టి వదులు చేసి ఎత్తాలి. నేరుగా లాగితే ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి కూలర్‌కు అంటుకునే వచ్చి, పిన్నులు వంగే ప్రమాదం ఉంది. పాత పేస్ట్‌ను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, కూలర్ ఒత్తిడికే దాన్ని పరుచుకోనివ్వాలి. టూత్‌పేస్ట్ చిట్కాను నమ్మవద్దు; అది ఎండిపోతుంది.

ఇవన్నీ సరిగానే ఉండి పెద్ద పనుల్లో మాత్రమే వేడెక్కుతుంటే బయోస్‌లో విద్యుత్ పరిమితులను చూడాలి. ఇంటెల్ ఐ7-12700 మీద 65 వాట్లని చెప్పుకున్నా, టర్బోలో, అంటే అవసరమైనప్పుడు వేగం పెంచుకునే స్థితిలో, అది 180 వాట్ల వరకు వెళ్ళగలదు. కొన్ని బోర్డులు కాలపరిమితి లేకుండా ఆ స్థాయిలోనే దాన్ని నడవనిస్తాయి. చిన్న స్టాక్ కూలర్ ఆ వేడిని మోయలేదు. పరిమితిని 65 వాట్లకో 90కో తగ్గిస్తే వీడియో ఎడిటింగ్ కాస్త నెమ్మదిస్తుంది, రోజువారీ పనుల్లో తేడా తెలియదు. బయోస్ జోలికి వెళ్ళడం ఇష్టం లేనివారు విండోస్ పవర్ ఆప్షన్లలో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 99 శాతానికి మార్చి చూడవచ్చు. సాధారణంగా దానితో టర్బో ఆగిపోయి వేడి గణనీయంగా తగ్గుతుంది.

వేగం తగ్గించుకోవడం కుదరనివారికి మిగిలేది టవర్ కూలర్, అంటే నిలువుగా ఎత్తుగా ఉండే పెద్ద కూలర్. కొనేటప్పుడు దాని ఎత్తు క్యాబినెట్ తలుపుకు తగలకుండా పడుతుందో లేదో, ర్యామ్‌కు అడ్డొస్తుందో లేదో చూసుకోవాలి. పాత యంత్రం నుంచి తీసిన కూలర్ వాడాలనుకుంటే సాకెట్ కూడా ముఖ్యమే: ఇంటెల్ ఎల్‌జీఏ 1151, 1200 సాకెట్ల బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ 1700లో 78. ఆ మూడు మిల్లీమీటర్లకు తగిన కొత్త బిగింపు కిట్ లేకుండా పాత కూలర్ అందులో కూర్చోదు.