తడిక గోడ, 3వ పాఠం: ఏ పుల్ల ఎక్కడికి?

పోయిన పాఠంలో మూరెడు ఎత్తు అరుగు కట్టాం. ఇప్పుడు కర్రా పుల్లా పోగెయ్యాలి. నా లెక్కలో అల్లడం కంటే ఏరడమే పెద్ద పని, తొందరపడొద్దు.

మగ్గం చూసినవాళ్ళకి ఇది ఇట్టే తెలుస్తుంది. నిలువు గుంజలు పడుగు, వాటి మధ్య అడ్డంగా నేసేవి పేక. పడుగు వంగకూడదు, పేక విరగకూడదు.

గుంజలకి కోస్తాలో సరుగుడు, మెట్టలో నల్లతుమ్మ చేవ. బయటి తెల్లచెక్కని పురుగు ముందు పడుతుంది కాబట్టి చేవే చూసుకోండి. వెదురైతే సాధనపు వెదురు మంచిది, గుల్ల తక్కువ. మూడేళ్ళు నిండిన బొంగు కావాలి. లేతదాని మీద తెల్లటి పొడి ఉంటుంది, కణుపుల దగ్గర పొరలు ఇంకా అంటుకునే ఉంటాయి. ముదిరినదాని రంగు మసకబారి మచ్చలు పడతాయి, కత్తి వెనకతో కొడితే ఖంగుమంటుంది.

నరికే కాలం మాత్రం మరిచిపోవద్దు: వానలు తగ్గి చలి వచ్చాక. కొత్త పిలకలు పెంచడానికి వెదురు తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని వానాకాలంలో ఖర్చుపెట్టేస్తుంది. బొంగుని తొలిచి పొడి రాల్చే పురుగు వచ్చేది ఆ పిండి కోసమే. వేసవిలో నరికితే దానికి తిండి పెట్టినట్టే. నరికాక మూడు నాలుగు వారాలు కుంటలో ముంచి ఉంచండి. నీళ్ళు కంపు కొడతాయి, కంగారు పడకండి, పిండి పులిసి బయటికి పోతోందన్నమాట. మీ పొలంగట్టు వెదురే అయితే ఇంకా మేలు, నరకడానికి అనుమతుల బాధ తక్కువ. అడవి బయట పెరిగిన వెదురుని 2017లో అటవీ చట్టంలో చెట్ల లెక్కనుంచి తీసేశారు.

పేకకి నాకు అన్నిటికంటే ఇష్టం వావిలి. వాగుగట్టున దొరుకుతుంది, నరికినకొద్దీ తిన్నగా చిగురుస్తుంది, బొటనవేలు లావు పుల్ల కూడా చక్కగా వంగుతుంది. తర్వాత కంది కట్టె. కాయలు కొట్టిన వారంలోపే అల్లెయ్యాలి. మొదటిసారి నేను నెల్లాళ్ళు ఎండలో పడేసిన కందిని అల్లబోయాను. సగం పుల్లలు చేతిలోనే విరిగాయి. ఎండిపోతే ఒక రాత్రి నానబెట్టండి. పత్తి కట్టె దగ్గర్లో ఉందని తెచ్చుకోవద్దు. కొమ్మలెక్కువ, పైగా మిగిలిపోయిన కాయల్లో గులాబీ పురుగు దాక్కుని మళ్ళీ చేనుకి చేరుతుంది.

పచ్చిగా అల్లిన తడిక ఎండాక కుంచించుకుపోతుంది. అందుకే మట్టి మెత్తడం ఇప్పుడే కాదు. కట్లకి మోదుగ వేరు నార గానీ తాటి నార గానీ తడిపి వాడండి, ఆరాక బిగుసుకుంటుంది.

వచ్చే పాఠంలోగా వావిలి, కంది, వెదురు బద్ద పదేసి తెచ్చి ఒక్కొక్కటీ మోకాలి చుట్టూ వంచండి. విరిగినచోట నార లేచి వేలాడితే నానబెట్టి మళ్ళీ చూడండి. పుటుక్కున తెగినవి పొయ్యిలోకి.