ఇంట్లో కూర్చుని లేజర్ త్రీడీ ప్రింటింగ్ సిమ్యులేషన్ – 4వ పాఠం: ఆ 39,800 డిగ్రీల గొడవ

ఈసారి గాసియన్ కిరణం (మధ్యలో తీవ్రంగా ఉండి అంచులకి పోయేకొద్దీ తగ్గేది) మొదలుపెడదామనుకున్నాను. లోహపు పొడిని పొరగా పరిచి లేజర్‌తో కరిగించేటప్పుడు ఎక్కడ ఎంత వేడెక్కుతుందో, రోసెంతాల్ సూత్రంతో స్ప్రెడ్‌షీటులో మీరు వేసి పంపిన లెక్కలు చూశాక ఆగిపోయాను. తప్పు సగం నాదే. పోయిన పాఠం చివర్లో "వచ్చిన ఉష్ణోగ్రత నమ్మేలా ఉందో లేదో చూసుకోండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఆ ముక్క పట్టుకుని మీరు చాలా దూరం వెళ్ళిపోయారు.

ముందు చిన్న విషయాలు. ఆమదాలవలస నుంచి ఒకరికి కరిగిన మడుగు పొడవు దాదాపు మూడు వందల మీటర్లు వచ్చింది. అంకె సరైనదే, మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) మీటర్లయ్యాయి. నేనైతే ఎప్పుడూ మిల్లీమీటరు, సెకను, వాటు పెట్టుకుంటాను. అప్పుడు వాహకత (లోహం వేడిని ఎంత బాగా మోస్తుందో) 0.028, వ్యాపనం (వేడి ఎంత త్వరగా పాకుతుందో) 5.3, లేజర్ వేగం 800. ఒకసారి రాసుకుని గోడకి అంటించుకోండి.

ఇంకొందరికి మడుగు తోక లేజర్‌కి ముందుకొచ్చింది. గుర్తు తప్పు. వేసవిలో గజపతినగరం వైపు మట్టిరోడ్డు మీద లారీలో కూర్చుని అద్దంలో చూడండి. దుమ్ము ఎప్పుడూ వెనకే, ఎప్పుడూ అంతే పొడవు. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి దుమ్ము లేస్తుంది, అణుగుతుంది. లారీలో ఉన్నవాడికి అది కదలని బొమ్మ. రోసెంతాల్ 1940లలో వెల్డింగ్ కోసం చేసిన పని ఇదే: లారీ ఎక్కి లెక్క వేశాడు, సమయం అనే పదమే ఎగిరిపోయింది. దుమ్ము వెనక, కాబట్టి లేజర్ వెనక దూరాలకి మైనస్.

ఇక అసలు సంగతి. మనం తీసుకున్నది 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు, 200 వాట్ల లేజర్, సెకనుకు 800 మిల్లీమీటర్ల వేగం, శోషణ (లేజర్ శక్తిలో లోహం పీల్చుకునే వంతు) 0.35, కరిగే హద్దు సుమారుగా 1,400 డిగ్రీలు. కిరణం నుంచి 10 మైక్రాన్లు వెనక ఉష్ణోగ్రత ఎంత అంటే షీటు 39,800 చూపిస్తుంది. సూర్యుడి ఉపరితలమే 5,500 దగ్గర ఉంటుంది. ఇనుము 2,860 దగ్గర మరిగిపోతుంది. చూడగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

రాజాం నుంచి ఒక కుర్రాడు రాశాడు: "మాస్టారూ, శోషణ 0.03 పెట్టాను, 3,400 వచ్చింది. ఇప్పుడు సరిపోయింది కదా?"

సరిపోలేదు బాబూ. నాకు చిరాకు తెప్పించేది ఈ ఒక్క పనే. కాస్త సాగదీసి చెబుతాను, భరించండి.

రోసెంతాల్ సూత్రంలో వేడి అంతా ఒక్క బిందువులోంచి దిగుతుంది. బిందువు నుంచి దూరం హారంలో ఉంది. దూరం సున్నాకి దగ్గరయ్యేకొద్దీ ఉష్ణోగ్రత అనంతానికి పోతుంది. 10 మైక్రాన్ల దగ్గర 39,800 వస్తే, 1 మైక్రాన్ దగ్గర నాలుగు లక్షలు వస్తుంది. అది లోహం ఉష్ణోగ్రత కాదు, మీరు షీటులో గడి ఎంత చిన్నది పెట్టారన్న లెక్క. పైగా ఈ సూత్రానికి లోహం కరుగుతుందని తెలీదు, మరుగుతుందని అసలే తెలీదు. నిజం మడుగులో ఉపరితలం మరుగు హద్దుకి చేరేసరికి ఆవిరి వేడిని ఎత్తుకుపోతుంది, ఉష్ణోగ్రత అక్కడే తచ్చాడుతుంది. కాబట్టి కిరణం కింద వచ్చే అంకెని చూడనే కూడదు.

చూడాల్సింది 1,400 గీత, అంటే మడుగు అంచు, ఎక్కడ పడిందో. ఆ గీత బిందువుకి దూరంగా ఉంటుంది, అక్కడ సూత్రం బుద్ధిగా నడుస్తుంది. శోషణ 0.35తో మడుగు వెడల్పు సుమారు 103 మైక్రాన్లు, లోతు అందులో సగం, 51 పైచిలుకు. 30 మైక్రాన్ల లోహపు పొడి పొర కరిగి, కింద ఇంకో ఇరవై మైక్రాన్లు పట్టుకుంటుంది. ఇదీ నమ్మేలా ఉండడమంటే.

ఇప్పుడు మన కుర్రాడి 0.03 పెట్టి అదే గీత వెతకండి. లోతు 12 మైక్రాన్లు. పొర మందం 30. అంటే పొరలో సగం కూడా కరగలేదు. గోడ తడపకుండా ప్లాస్టరింగ్ చేసినట్టు పెచ్చులూడిపోతుంది. ఒక దిక్కుమాలిన అంకెని అందంగా కనబరచడానికి, బాగున్న అంకెని పాడుచేసుకున్నాడు.

శోషణని స్క్రూలా తిప్పితే ఇంకో ప్రమాదం ఉంది. ఈ సూత్రంలో మడుగు అడ్డుకోత ఎప్పుడూ అర్ధచంద్రమే, అంటే సగం వృత్తం. స్క్రూ ఎంత తిప్పినా వెడల్పు, లోతు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. ఒకసారి తెలిసినవాళ్ళ ల్యాబ్‌లో ప్రింట్ చేసిన ముక్కని నిలువునా కోసి, ఎమరీ పేపర్ మీద రుద్ది రుద్ది అద్దంలా చేసి, ఆమ్లం పూసి మైక్రోస్కోపు కింద పెట్టాం. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి మడుగులు. చాలావరకు అర్ధచంద్రాలే. ఒక మూల మాత్రం మేకులు దిగినట్టు సన్నగా, లోతుగా. అది కీహోల్: లోహం ఆవిరై, ఆ ఒత్తిడికి మడుగులో గుంత పడి, కిరణం గుంత గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని ఇంకా ఎక్కువ శోషణ అవుతుంది. ఆ మేకుకి ఏ శోషణ విలువా సరిపోదు. అక్కడ మార్చాల్సింది అంకెని కాదు, మోడల్‌ని.

తోక గురించి ఎవరూ అడగలేదు. నాకు ఈ సూత్రంలో ఇష్టమైనది అదే. సూత్రంలో వేగం ఉండేది ఘాతాంక పదంలోనే; లేజర్‌కి సరిగ్గా వెనక ఆ పదం ఒకటైపోతుంది, వేగం మాయమవుతుంది. 70 వాట్లని (200లో 0.35 వంతు) రెండు పైలతో, 28తో (మీటర్ల లెక్కలో వాహకత), 1,375తో (1,400లోంచి గది ఉష్ణోగ్రత 25 తీసేస్తే) భాగిస్తే 289 మైక్రాన్లు. కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో చేసే లెక్క. లేజర్‌ని రెండింతల వేగంతో తోలినా తోక అంతే. లారీ పోలిక ఇక్కడ చెడిపోతుంది, వదిలేయండి. సెకనుకు 800 మిల్లీమీటర్లతో 289 మైక్రాన్లు దాటడానికి సెకనులో రెండున్నర వేలో వంతు కంటే కాస్త తక్కువే పడుతుంది. బుడితిలో ఇత్తడి పోత పోసేవాళ్ళు లోహం గట్టిపడేదాకా ఆగుతారు. ఇక్కడ రెప్ప వేసే లోపు వందలసార్లు కరిగి గట్టిపడుతుంది.

వాహకత 28 ఎందుకు, టేబుల్లో 14 ఉంది కదా అని ఇద్దరు అడిగారు. 14 గది ఉష్ణోగ్రతది. మన గీత 1,400 దగ్గర ఉంది.

గాసియన్ వచ్చేసారి. ఈలోపు ఒక్కటి గుర్తుంచుకోండి: కిరణం వ్యాసం 100 మైక్రాన్లు అని కేటలాగులో ఉంటే, అది సాధారణంగా తీవ్రత మధ్యలోని దాంట్లో 13.5 శాతానికి పడిపోయే చోటు వరకు.

అభ్యాసం. పవర్ 400, వేగం 1,600 చేయండి. రెండింటి నిష్పత్తి మారలేదు కదా, మడుగు కూడా మారదని చాలామంది అంటారు. షీటు తెరవకముందే వెడల్పు, తోక రెండింటికీ మీ ఊహ కాగితం మీద రాసుకోండి. రెండోది కష్టం, తప్పించుకోవద్దు: పాత 200 వాట్ల మడుగులే పక్కపక్కన పరిస్తే, రెండు లేజర్ గీతల మధ్య ఎంత ఎడం దాకా 30 మైక్రాన్ల పొర పూర్తిగా కరుగుతుంది? అర్ధచంద్రాలు రెండు గీసి, అవి కలిసే చోటు లోతు చూడండి. 80 మైక్రాన్ల ఎడం గట్టెక్కుతుంది, 90 గట్టెక్కదు. మధ్యలో ఎక్కడో చెప్పాలి. మూడోది ల్యాబ్ లేనివాళ్ళకి: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, ఏఎమ్-బెంచ్ పేరుతో 2018లో ఇంకొనెల్ 625 అనే నికెల్ మిశ్రమలోహం పలక మీద గీసిన ఒంటరి లేజర్ గీతల కొలతలు అందరికీ ఇచ్చింది. 195 వాట్లు, 800 వేగం ఉన్న గీత తీసుకుని ముందు మీ లెక్క చేయండి, తర్వాతే వాళ్ళ కొలత తెరవండి. తేడా వస్తే నాకు తేడానే పంపండి. శోషణ మార్చి పంపినవి తెరవను.