నమ్మని స్నేహితురాలికి ఎంతవరకు చెప్పాలి?
కాపురంలో పడుతున్న బాధను చెప్పుకున్నప్పుడు "మీ ఆయన అలాంటివాడు కాదే, మాతో ఎంత మర్యాదగా ఉంటాడో" అని స్నేహితురాలు అంటే, అప్పటికప్పుడు ఆమెను ఒప్పించాలని తొందరపడకండి. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో నవ్వుతూ పలకరించే మనిషినే ఆమె చూసింది కనుక ఆ అనుమానం సహజమే, వినడానికి ఎంత కష్టంగా ఉన్నా.

ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న వాదనలోకి దిగకుండా, ఒక్క సంఘటనను మాత్రమే ఎంచుకుని, "జీతం పడగానే నా ఏటీఎం కార్డు తీసేసుకుంటాడు, బస్సు చార్జీకి కూడా అడుక్కోవలసి వస్తోంది" అన్నంత స్పష్టంగా చెప్పి, ఆ వెంటనే "నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు, వింటే చాలు" అని మీకు కావలసినదేమిటో కూడా తెలియజేయండి. "కొట్టలేదు కదా" అని ఆమె తేలికగా తీసిపారేస్తే, 2005 నాటి గృహహింస చట్టం మాటలతో చేసే అవమానాన్నీ, డబ్బు అందకుండా చేయడాన్నీ హింసగానే పరిగణిస్తుందని చెప్పవచ్చు. బాగా చదువుకున్నవారిలోనూ ఈ సంగతి తెలియనివారు ఉంటారు.

అప్పటికీ "సర్దుకుపోవాలి మరి" అన్న మాటే వస్తే, ఆమెతో స్నేహాన్ని అలాగే ఉంచుకుని ఈ విషయం మాత్రం ఎత్తడం మానేయండి. మీ మాటలు మీ ఇంటివరకు చేరతాయన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, ముందే వివరాలు దాచుకోవడం క్షేమం. ఆమె నమ్మేదాకా సాయం కోసం ఆగనక్కర్లేదు: మహిళా హెల్ప్‌లైన్ 181కి, మనసు బాగా కుంగినప్పుడు టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.