కరాటే మాస్టర్ ఎవరి దగ్గర నేర్చుకున్నడో కనుక్కునుడు ఎట్ల

ఎండకాలం సెలవులు దగ్గరవడితే చాలు హన్మకొండ, కాజీపేట గల్లీలల్ల కరాటే క్లాసుల ఫ్లెక్సీలు లేస్తయ్. మాస్టర్ ఫోటో, పక్కన ఇన్నో డాన్ (బ్లాక్ బెల్ట్ల మెట్టు) అని, కింద పెద్ద అక్షరాలల్ల ఒరిజినల్ ఒకినావా కరాటే అని (ఒకినావా అంటే కరాటే పుట్టిన జపాన్ దీవి). మనోళ్లు పోయి అడిగేదేమో ఫీజెంత, టైమింగ్ ఏంది, బ్లాక్ బెల్ట్ ఎప్పుడొస్తది. అసలు ముందుగాల అడగాల్సింది మాస్టర్ ఎవరి దగ్గర, ఎన్నేండ్లు, ఎదురుంగ నిలవడి నేర్చుకున్నడు అని, ఇది అడిగితే సగం సంగతి అక్కడ్నే తేలిపోతది.

అడిగే తీరు సుత ఉంటది. పోలీసోళ్ల లెక్క గుచ్చి గుచ్చి అడుగుతే ఎవరికైనా కోపమొస్తది. "సార్, మీది ఏ స్టైల్, మీ గురువుగారు ఎవరు, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నరు, మా బాబుకు చెప్పుకోవడానికి" అని నెమ్మదిగ అడుగుండ్రి. నిజంగ నేర్చుకున్నోళ్లకు గురువు పేరు చెప్పుడంటే మస్తు ఇష్టం, మీరు ఒక్కటి అడుగుతే వాళ్లు పది చెప్తరు, టీ తాపిచ్చి మరీ చెప్తరు. జవాబు చెప్పకుంట గోడ మీద సర్టిఫికెట్ల దిక్కు వేలు చూపెట్టిండంటే మాత్రం జర ఆగి ఆలోచించుండ్రి.

ఇగ ఆయన చెప్పింది సరైందా కాదా అని మనకెట్ల ఎరుక అంటే, ఒకినావా కరాటేల పెద్ద గురువుల పేర్లు దాచిపెట్టినయేం కావు, అందరికీ తెలిసినయే, అవి జర యాది పెట్టుకుంటే చాలు.

ర్యూ అంటే స్టైల్, శాఖ అన్నట్టు. గోజు ర్యూ అంటే మియాగి చోజున్ (1888–1953) దగ్గరికి పోవాలె. ఆయన గురువు హిగావొన్నా కాన్ర్యో, ఈయన చైనాల ఫుజౌ దాక పోయి నేర్చుకోని వచ్చినాయన. మియాగి తన శిష్యులెవ్వరికీ డాన్‌లు ఇయ్యలేదు, ఈయనే నా వారసుడు అని కాయిదం రాసిపెట్టలేదు, రెండో ప్రపంచ యుద్ధంల ఆయన మంచి శిష్యుడు షింజాతో జిన్‌ఆన్ సుత పోయిండు. గందుకే మియాగి పోయినంక మియాజాతో ఎయిచి జుందోకాన్ పెట్టిండు, యాగి మెయితోకు మెయిబుకాన్ పెట్టిండు, తోగుచి సెయికిచి షొరేయికాన్ పెట్టిండు, హిగావొన్నా మోరియో 1979ల ఇంకో అంతర్జాతీయ సంస్థ పెట్టిండు. జపాన్ దిక్కు యమగుచి గోగెన్ నడిపిన గోజుకాయ్ ఇంకో కొమ్మ. మాది గోజు అని మాస్టర్ అన్నడంటే వీళ్లల్ల ఎవరి కొమ్మ అని అడగొచ్చు, చెప్పగలగాలె. మాదొక్కటే అసలు గోజు, మిగతాయన్నీ డూప్లికేట్ అని లొల్లి వెట్టెటోళ్లను నేనైతే నమ్మ, ఎందుకంటే ఆ మాట అనే హక్కు మియాగి ఎవ్వరికీ రాసియ్యలేదు గదా.

ఉయేచి ర్యూ సంగతి ఇంకా సులువు. ఉయేచి కాన్‌బున్ 1897ల ఫుజౌకు పోయి అక్కడ ఏండ్లకేండ్లు నేర్చుకోని వచ్చిండు, తర్వాత జపాన్ల వకయామాల నేర్పిండు, ఆయన కొడుకు కానేయ్ ఒకినావాల పెంచిండు. ఎవరి పేరు చెప్పినా చివరికి ఈ తండ్రీకొడుకుల దగ్గరికే రావాలె.

షోరిన్ ర్యూ దగ్గరనే కిరికిరి ఎక్కువ, ఎందుకంటే అదే పేరుతోని శాఖలు చానా ఉన్నయ్. ఒకినావాల షూరి అనే పట్నం విద్యకు పెద్దాయన ఇతోసు ఆంకో (1831–1915), 1901 నుంచి బడి పిల్లలకు కరాటే నేర్పుడు మొదలువెట్టిందీ, పినాన్ అనే ఐదు కాతాలు (ఒక్కరే వరుసగ చేసే అడుగులు, దెబ్బల కూర్పులు) తయారుచేసిందీ ఈయనే. ఆయన శిష్యుడు చిబానా చోషిన్ (1885–1969) నుంచి మియాహిరా కత్సుయా, నకజాతో షుగోరో, హిగా యుచోకు వచ్చిన్రు. ఇంకో దిక్కు నగమినె షోషిన్ 1947ల మత్సుబయాషి ర్యూ అని పేరు వెట్టిండు, ఆయన క్యాన్ చోతోకు దగ్గర, మోతోబు చోకి దగ్గర, అరకాకి ఆంకిచి దగ్గర, ముగ్గురి దగ్గర నేర్చుకున్నడు. కాబట్టి మాస్టర్ ఇద్దరు ముగ్గురు గురువుల పేర్లు చెప్తే అనుమానపడాల్సిన పనిలేదు, షితో ర్యూ పెట్టిన మబుని కెన్వా సుత ఇతోసు దగ్గర, హిగావొన్నా దగ్గర, ఇద్దరి దగ్గరా నేర్చుకున్నోడే. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నడో విడివిడిగ చెప్తుండా లేదా అన్నదే చూడాలె.

మన దగ్గర ఎక్కువ కనవడే షోటోకాన్ గురించి ఒక మాట. దాని మూలపురుషుడు ఫునకోషి గిచిన్ (1868–1957) ఒకినావాయనే, ఇతోసు దగ్గర, అసాతో ఆంకో దగ్గర నేర్చుకున్నడు, గని 1922ల టోక్యోకు పోయినంకనే అది షోటోకాన్ అయ్యింది, జపాన్ యూనివర్సిటీలల్ల పెరిగింది. మంచి విద్యనే, తక్కువేం కాదు, మా సుట్టాల పిల్లలు చానామంది అదే చేస్తాన్నరు. గని షోటోకాన్ నేర్పుకుంట ఫ్లెక్సీ మీద ఒకినావా సంప్రదాయం అని రాసిన్రంటే, పేరు కోసం రాసిన్రా నిజంగనే ఇంకేమన్న నేర్చుకున్నరా అని అడుగుండ్రి.

పేర్లు బట్టీపట్టి చెప్పెటోళ్లు సుత ఉంటరు, ఇప్పుడు ఫోన్ల అన్నీ దొరుకుతయ్ గదా. గందుకే ఒక క్లాసు బయట కూసోని చూడుండ్రి. గోజు అంటే సాంచిన్ కాతా ఉండాలె, కాళ్లు లోపలికి తిప్పి గట్టిగ నిలవడి ఊపిరితోని చేసేది, గోజుల పిడికిలి మూసి చేస్తరు, ఉయేచిల అదే పేరున్న కాతా చేతులు తెరిచి చేస్తరు. ఉయేచిల మొత్తం ఎనిమిది కాతాలే. షోరిన్ అంటే నైహాంచి, పినాన్, పస్సాయ్, కుసాంకు. ఒకవేళ షోరిన్ అని చెప్పి పిల్లలతోని హేయాన్, టెక్కి, కాంకు అని చేపిస్తుంటే అది షోటోకాన్ సిలబస్. నిలవడే తీరు సుత తెలిసిపోతది, షోటోకాన్ల అడుగులు పొడుగ్గ, నడుము కిందికి, ఒకినావా స్టైల్లల్ల మామూలుగ పొట్టి అడుగులు, జర నిలువుగ. గోడ పక్కన గడ్డి తాడు చుట్టిన మకివారా కట్టె, రాతి బరువుకు కట్టె పెట్టిన చిషి, పట్టుకోని నడిచే కుండలు ఉన్నయంటే పాత పద్ధతి జర తెలిసిన మాస్టరే అనుకోవచ్చు, లేకపోతే రాదని కాదు, అద్దె ఫంక్షన్ హాల్ల క్లాసు నడిపెటోళ్లు అయన్నీ ఎక్కడ పెట్టుకుంటరు పాపం.

అన్నిటికంటే ముఖ్యం ఎన్ని రోజులు అన్నది. ఒకినావానుంచి పెద్ద మాస్టర్ ఇండియాకు వస్తే సెమినార్‌కు పోయి రెండు దినాలు నేర్చుకోని ఫోటో దిగుతరు, తప్పేం లేదు, గని తర్వాత ఆయన నా గురువు అని ఫ్లెక్సీ వేస్తరు, మేడారం పోయి గద్దెల దగ్గర ఫోటో దిగితే పూజారి అయితరా. ఫోటో చూపెడ్తే "సార్, తర్వాత మళ్ల ఎప్పుడు కలిసిన్రు, తప్పులు దిద్దెటోళ్లు ఇప్పుడెవరు" అని అడుగుండ్రి. హైదరాబాద్లనో చెన్నైలనో ఉన్న సీనియర్ దగ్గర పదేండ్లు పోయొచ్చి నేర్చుకున్న మాస్టర్, ఒకినావా ఒక్కసారి చూసొచ్చిన మాస్టర్ ఇద్దరుంటే నేను కండ్లు మూసుకోని మొదటాయన దగ్గర్కే పిల్లలను తోలుత.

జవాబు ఎట్లుండాలె అంటే 2021ల టోక్యో ఒలింపిక్స్ల కాతాల గోల్డ్ కొట్టిన కియునా ర్యోను చూడుండ్రి. స్టైల్ ర్యూయేయ్ ర్యూ, గురువు సకుమోతో త్సుగువో, ఆ గురువు నేర్చుకుంది నకైమా కెన్కో దగ్గర, చాన్నాళ్లు నకైమా కుటుంబం లోపట్నే ఉన్న విద్య అది. మూడు పేర్లు, ఎక్కడా మెలిక లేదు.

డాన్ నంబర్లు చూసి మోసపోకుండ్రి. ఆ పద్ధతే జూడో నుంచి వచ్చింది, ఫునకోషి 1924ల కరాటేల మొదటిసారి డాన్‌లు ఇచ్చిండు, పాత ఒకినావా గురువులకు అసలు అది లేనేలేదు. ఏ సంస్థ ఇచ్చింది, పరీక్ష ఎవరు తీసుకున్నరు అన్నది తెల్వకుంట ఆరో డాన్ అన్నా ఎనిమిదో డాన్ అన్నా అంకెనే. టోర్నమెంట్ మెడల్స్, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్లు అయితే పూర్తిగ వేరే లెక్క, అవి కావాలంటే ఏ ఫెడరేషన్ గుర్తింపు ఉన్నదని విడిగ అడుగుండ్రి, గురువు పరంపరతోని దానికి సంబంధం లేదు.

ఒకటి మాత్రం చెప్పాలె, పరంపర ఎంత గొప్పగున్నా పిల్లలను కట్టెతోని కొట్టెటోడైతే, ఆడపిల్లల క్లాసుకు తల్లిదండ్రులను లోపలికి రానియ్యకపోతే, ఆ మాస్టర్ వద్దు. మియాగి మనుమడైనా వద్దు.

ఇంకా డౌట్ ఉంటే ఫీజు మొత్తం ఏడాదికి కట్టకుంట నెలనెలా కట్టుకుంట, గ్రేడింగ్ పరీక్ష రోజు దాక ఆగుండ్రి. ఆ రోజు పొయ్యి చూస్తే ఎగ్జామినర్ కుర్సీల ఎవరు కూసున్నరో కనవడ్తది. మాస్టర్ చెప్పిన సీనియర్ నిజంగ వచ్చి, ఒక్కో పిల్లగాని కాతా చూసి, అందరి ముంగట మాస్టర్‌నే "ఈ అడుగు సరిగ నేర్పలే" అని దిద్దిండంటే, సంతోషంగ మిగతా ఫీజు కట్టుండ్రి. ఎవ్వరూ రాకుంట, మాస్టరే పరీక్ష పెట్టి, మాస్టరే సంతకం చేసి, కట్టినోళ్లందరికీ బెల్ట్ ఇచ్చిండంటే ఆ నెలతోని బంద్ చేసి ఇంకో దగ్గర చూడుండ్రి.