గోల్ఫ్ స్వింగ్‌లో నడుము తిరగాలంటే ఒక గోడ చాలు

అనంతపురం నుంచి దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణం చేసి బెంగళూరులో గోల్ఫ్ ఆడే నాలాంటి వాళ్లకు ఈ మాట. స్వింగ్‌లో, అంటే క్లబ్ (గోల్ఫ్ కర్ర) ఊపి బంతిని కొట్టే కదలికలో, నడుము తిప్పడం నేర్చుకోవడానికి గోల్ఫ్ మైదానం దాకా పోనక్కర్లేదు, మిద్దె మీద మెట్లగది గోడ చాలు, క్లబ్ కూడా వద్దు.

గోడకు వీపు పెట్టి, పిరుదులు ఆనీ ఆననట్టుగా నిలబడి, మోకాళ్లు కొంచెం వదులు చేసి తుంటి దగ్గర ముందుకు వంగండి, చేతులు ఛాతీ మీద కట్టుకోండి. కుడిచేతి వాళ్లయితే, క్లబ్‌ను వెనక్కి ఎత్తుతున్నట్టు తిరిగేటప్పుడు కుడి పిరుదు గోడకు గట్టిగా ఆనాలి, ఎడమది గోడను వదిలేయాలి. భుజాలు సుమారు 90 డిగ్రీలు, తుంటి అందులో సగం తిరిగితే బాగుంటుంది. వయసు మీద పడిన వాళ్లు ఇంకాస్త తక్కువ తిరిగినా పర్వాలేదు, నొప్పి వచ్చేదాకా లాగొద్దు. కుడి పిరుదు గోడ వెంబడి పక్కకు జారిందంటే మీరు తిరగడం లేదు, ఊగుతున్నారు. చాలామంది తప్పు ఇక్కడే, నాదీ చాలా రోజులు ఇదే.

ఇప్పుడు బంతిని కొట్టడానికి క్లబ్‌ను కిందికి తెస్తున్నట్టు తిరిగేటప్పుడు భుజాలతో మొదలుపెట్టకండి. ముందు బరువు ఎడమ పాదం మీదికి రావాలి, ఎడమ పిరుదు గోడను తాకాలి, ఆ తర్వాతే ఛాతీ తిరగాలి. ఆ దశలో రెండు పిరుదులూ గోడను వదిలేసి నడుము ముందుకు తోసుకొస్తే, నిజం ఆటలో క్లబ్ బంతి పైభాగానికి తగిలి, బంతి నేల మీద దొర్లుకుంటూ పోతుంది. చివర్లో బెల్టు బకిల్ లక్ష్యం వైపు చూస్తూ, కుడి మడమ పైకి లేచి ఉండాలి.

పొద్దున ఎండ ముదరకముందే ఇరవైసార్లు, మెల్లగా చేయండి.