కొత్త ల్యాప్‌టాప్‌లో తెలుగు పెట్టాక పాస్‌వర్డ్ తప్పంటోందా?

విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నారు, తెలుగు కలుపుకున్నారు, టైపింగ్‌లో తిక్క మొదలైంది. ఫార్మాట్ కొట్టించే ముందు దయచేసి స్క్రీన్ కింద కుడి మూల గడియారం పక్కన చూడండి. ఏ భాష ఉంది, ఇంగ్లిష్ ఉంటే దాని కింద చిన్నగా యూఎస్ అని ఉందా, యూకే అని ఉందా? ఇవి రెండు రకాల ఇంగ్లిష్ కీబోర్డు అమరికలు. ఎన్నిసార్లు చెప్పినా ఇది ఒక్కటి మాత్రం ఎవరూ చూడరు.

సమస్య: అమ్మ అని రాద్దామని ఏ, ఎమ్, ఎమ్, ఏ కొడితే ‘ోససో’ వస్తోంది.

కీబోర్డు పాడవలేదు. అది ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక, అందులో ఎమ్ మీద ‘స’ ఉంటుంది, ఏ మీద ఓత్వం. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లోకి వెళ్లి తెలుగు పక్కన మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు, అంటే పలికినట్టు ఇంగ్లిష్‌లో కొడితే తెలుగు వచ్చేది, కలపండి. 2019 నుంచి విండోస్‌లోనే ఉంది, ఎక్కడెక్కడివో డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

సమస్య: పాస్‌వర్డ్ పొద్దున తీసుకుంటుంది, సాయంత్రం తప్పంటుంది.

దీంతో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. మా బావమరిది పార్క్‌లేన్‌లో ల్యాప్‌టాప్ కొని, మొదటి సెటప్‌లో ఏం నొక్కాడో ఏమో, యూఎస్‌తో పాటు యూకే ఇంగ్లిష్ కూడా తెచ్చుకున్నాడు. యూకేలో షిఫ్ట్, 2 కలిపి నొక్కితే @ రాదు, కొటేషన్ గుర్తు వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టెలో కనబడేవి చుక్కలే కాబట్టి మనకు తెలియదు. పైగా షిఫ్ట్ నొక్కబోయి ఎడమ ఆల్ట్ కూడా తగిలిందంటే చాలు, భాష మారిపోతుంది. మియాపూర్ నుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆ ల్యాప్‌టాప్‌ని నా దగ్గరికి మోసుకొచ్చాడు. నేను చూసి, ఓస్ ఇంతేనా అని యూకే పీకేశాను. అంతే, అసలు లోపలికే రానివ్వలేదు! ఎందుకంటే పాస్‌వర్డ్ పెట్టిన రోజు నడుస్తున్నది యూకేనే, వాడు @ అనుకొని కొట్టింది నిజానికి కొటేషన్. చివరికి @ బదులు కొటేషన్ గుర్తు కొట్టి చూస్తే తెరుచుకుంది. అప్పటికి గంట పోయింది, టీ రెండుసార్లు అయింది.

కాబట్టి వరుస తప్పొద్దు. సైన్ ఇన్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ కొట్టి పక్కనున్న కన్ను బొమ్మ నొక్కండి, ఏ గుర్తు పడిందో కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక యూఎస్ పెట్టుకొని పాస్‌వర్డ్ కొత్తగా మార్చండి. యూకేని ఆ తర్వాతే తీసేయండి. అంకెల పిన్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. సెట్టింగ్స్‌లోని భాషల జాబితాలో లేకపోయినా గడియారం పక్కన యూకే కనబడుతుంటే, దాన్ని ఒకసారి కలిపి మళ్లీ తీసేయండి, పోతుంది. సైన్ ఇన్ స్క్రీన్‌లో మాత్రమే మిగిలిపోతే కంట్రోల్ ప్యానెల్, రీజియన్, అడ్మినిస్ట్రేటివ్‌లో కాపీ సెట్టింగ్స్ తెరిచి వెల్‌కమ్ స్క్రీన్‌కి టిక్ పెట్టండి. ఆల్ట్, షిఫ్ట్ షార్ట్‌కట్‌ని అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆపేయండి. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ ఎలాగూ ఉన్నాయి.

ఇక మిగిలినవి అరుదు. పాత పెళ్లి కార్డు ఫైలు తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ కనబడితే అది చాలావరకు డీటీపీవాళ్లు వాడే ‘అను’ (Anu) అనే తెలుగు ఫాంట్, ఆ ఫాంట్ వేస్తే సరి. ఒక్క అక్షరం మాత్రమే పడకపోతే ఆన్‌స్క్రీన్ కీబోర్డుతో అదే అక్షరం కొట్టి చూడండి. అందులో పడితే మీ కీ పోయినట్టే, వారంటీ కాగితం వెతుక్కోండి.