కనబడిన ఉభయచరం ఏ వర్గానికి చెందిందో గుర్తించడం ఎలా?

తొలకరి పడగానే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పరిసరాల్లో చెరువు గట్లు, వరి మడులు కప్పల అరుపులతో మారుమోగుతాయి. గుర్తింపు నేర్చుకోవడానికి అంతకంటే అనువైన కాలం లేదు. టార్చి లైటు, ఫోటో తీసే ఫోను ఉంటే చాలు.

1. ముందుగా చర్మాన్ని చూడండి. నీటిలోనూ నేలమీదా తిరుగుతుందన్న ఒక్క కారణంతో దేన్నీ ఉభయచరమని తేల్చకూడదు. తాబేలు, మొసలి, పీత కూడా అలాగే తిరుగుతాయి. వెన్నెముక ఉండి, పైకి పొలుసులు కనబడని చర్మంతో, ఆ చర్మం ద్వారా కూడా శ్వాసించే శీతల రక్త జంతువు అయితేనే తరువాతి మెట్టుకు వెళ్లండి.

2. కాళ్లు, తోక చూడండి. ప్రపంచంలోని ఎనిమిది వేలకు పైగా ఉభయచర జాతులను మూడు క్రమాలుగా విభజించారు. పెద్దయ్యాక తోక లేనివి (కప్పలు) అనూరా, నాలుగు కాళ్లతో పాటు తోక ఉన్నవి కాడేటా, కాళ్లే లేనివి జిమ్నోఫియోనా. కాడేటాకు చెందిన, బల్లిలా కనిపించే సాలమాండర్లు మన దేశంలో తూర్పు హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లోనే ఉన్నాయి కనుక, పెరట్లో నున్నగా మెరుస్తూ పరుగెత్తింది నలికిరే అయి ఉంటుంది. దానికి పొలుసులు, గోళ్లు ఉంటాయి. కాళ్లు మొలిచాక కూడా కొన్నాళ్లు తోకతోనే ఉండే తోకకప్పను చూసి మాత్రం పొరబడకండి.

3. కప్ప అయితే కుటుంబాన్ని గుర్తించండి. ఒంటినిండా బొడిపెలు, కళ్ల వెనుక ఉబ్బిన గ్రంథులు ఉన్న గోదురు కప్ప బ్యుఫోనిడే కుటుంబానిది. ఆ గ్రంథుల స్రావం విషపూరితం, కాబట్టి దాన్ని తాకితే చేతులు కడుక్కోకుండా కళ్లు నలపకండి. వేళ్ల చివర గుండ్రని బిళ్లలతో స్నానాల గది గోడకు అతుక్కున్న చెట్టు కప్ప రాకోఫోరిడేది; అది నీటికి పైన నురుగు గూడు కట్టి గుడ్లు పెడుతుంది, పిల్లలు అందులోంచి నీటిలోకి జారిపడతాయి. వానల్లో పసుపు రంగుకు మారి, గొంతుకు ఇరువైపులా నీలి తిత్తులు ఉబ్బించి అరిచే పెద్ద మగ కప్ప డైక్రోగ్లోసిడేది.

4. కాళ్లు లేకపోతే తొందరపడకండి. అసలు చిక్కంతా ఇక్కడే. ఒళ్లంతా వలయాలున్నా దవడలు లేకపోతే అది వానపాము. సన్నని పొలుసులు మెరుస్తూ, నాలుక ఆడిస్తుంటే గుడ్డిపాము. ఒంటిమీద వలయాలుండి, నోట్లో దవడలు, పళ్లు ఉండి, కళ్లు చర్మం కింద చుక్కల్లా కనబడితే సిసీలియన్, అంటే జిమ్నోఫియోనా క్రమానికి చెందిన ఉభయచరం. తూర్పు కనుమల ఎత్తైన ప్రాంతాల్లో దొరికిన గెజెనియోఫిస్ ఓరియంటాలిస్ అనే సిసీలియన్‌ను 2013లోనే కొత్త జాతిగా వర్ణించారు. తూర్పు కనుమల్లోనే ఉన్న మహేంద్రగిరి వైపు రాళ్లు, కుళ్లిన ఆకులు కదిపేటప్పుడు కాస్త జాగ్రత్తగా చూడమనడం అందుకే. అలాంటిది కనబడితే తల పక్కభాగం, శరీరం చివరి భాగం, వలయాలు స్పష్టంగా పడేలా ఫోటోలు తీసి, దగ్గరలోని కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకులకు చూపించండి. జీవిని మాత్రం ఇంటికి తేవద్దు.